నాలుగు దెబ్బల తర్వాత

జూన్ 9, గురువారం

క్లినిక్‌లో నర్సమ్మ రక్తపోటు చూసి, "తాతా, మనసెలా ఉంది?" అని అడిగింది. మామూలుగానే ఉందన్నాను. "మామూలుగా అంటే?" అంది. జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక కూడా తోచలేదు. నా భార్య ఎస్నాత్ బడిపిల్లలకు పంచగా మిగిలిన నోటుపుస్తకాలు బీరువాలో ఉన్నాయి. ఒకటి తీశాను. ఆమె పోయి ఏడు నెలలు కావస్తోంది, ఇక అవి ఎవరికీ పంచేది లేదు.

మనసు: మామూలు. పొద్దున జావ. మధ్యాహ్నం సంకటి, గుమ్మడాకు కూర. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

సాయంత్రం ముబంగ వచ్చింది. కపాస కూతురు. గుమ్మంలోనే నిలబడి, "మామా, నాన్నని ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులు. నిన్ను రమ్మంటున్నాడు" అంది.

"ఎప్పుడు?"

"తీరిక చూసుకుని రమ్మన్నాడు. ఎలుకలు పట్టే పని చెడగొట్టుకోవద్దన్నాడు."

నవ్వాల్సిన చోటు అది. ఆ పిల్ల నా మొహం వంక చూస్తూ ఆగింది. నేను టీ పెట్టాను. అలవాటు కొద్దీ కప్పులు రెండు బయటే ఉన్నాయి కాబట్టి పని తేలికైంది.

జూన్ 11, శనివారం

ఆసుపత్రికి వెళ్ళాను. వాడి ముక్కులో గొట్టం. చేతులు మాత్రం అవే, గిటారు చేతులు, దుప్పటి మీద ఊరికే ఉండలేక తాళం వేస్తున్నాయి.

"వచ్చాడమ్మా ఎలుకల తిండిపోతు. తోక ఇంకా నోట్లోంచి వేలాడుతోంది, మింగెయ్ బావా" అన్నాడు.

"నువ్వింకా చావలేదా, కోతుల తిండిపోతా?" అన్నాను.

పక్క మంచం దగ్గరున్న డాక్టరు తలెత్తాడు. క్యూబా నుంచి కొత్తగా వచ్చాడట. ముబంగ ఆయనకు సర్దిచెప్పింది: "కంగారు పడకండి డాక్టరుగారూ. మేము బెంబా తెగ, ఈయన ఎన్‌గోనీ తెగ. తాతలు యుద్ధాలు చేసుకున్నారు. ఇప్పుడు బావా బావమరుదుల వరస కలుపుకుని, వీళ్ళు ఎలుకలు తింటారని మేమూ, మేము కోతులు తింటామని వీళ్ళూ తిట్టుకుంటాం. వీళ్ళలో ఒకరు పోతే ఇంకొకరొచ్చి వెక్కిరించి సాగనంపాలి. అది లేకపోతే చావు చావులా ఉండదు." డాక్టరు తల ఊపాడు. ఏమర్థమయిందో మరి.

కపాస నన్నే చూస్తున్నాడు. "మాట సరిగ్గానే అన్నావు గానీ శ్రుతి తప్పావ్, బావా" అన్నాడు.

నేను స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"నీ పెళ్ళాం పోయినప్పుడు నేనేం చేశాను?"

ఏం చేశాడో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎస్నాత్ చీటీగుడ్డ నడుముకు చుట్టుకుని, శవపెట్టెకు అడ్డంగా నేలమీద పడుకుని, "ఈ ముసలాడికి ఇక ఎలుకలు వేయించిపెట్టేదెవరే తల్లీ" అని గుండెలు బాదుకున్నాడు. నేను నవ్వాను. కన్నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆ తర్వాత నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"నా పనీ నువ్వే చెయ్యాలి" అన్నాడు. "పిల్లకాయల్ని పంపితే ఊరుకోను. నువ్వే గోతిలోకి దిగాలి. ముబంగ తల్లి నవ్వాలి. అది నవ్వకుండా నా మీద మట్టి పడిందా, నీ సంగతి చెప్తా."

"నాకు నవ్వు రావట్లేదురా" అన్నాను.

"నిన్ను నవ్వమని ఎవడడిగాడు? నవ్వించు."

ఆ తర్వాత చాలాసేపు దగ్గాడు. తెప్పరిల్లాక ముబంగ చేత తన పాత ఫోను నా చేతిలో పెట్టించాడు. మా పాత బ్యాండు రికార్డు అందులో ఉందట. ఎవరో తెల్లవాళ్ళు వెతికి పట్టుకుని మళ్ళీ బయటికి తెచ్చారట. "నేల కింది పొద్దు. విని ఎన్నేళ్ళయింది?" అన్నాడు.

"నాకేం తెలుసు."

"విను. విని వచ్చి చెప్పు, లేటు ఎవరో."

జూన్ 12, ఆదివారం

ఫోను బల్లమీదే ఉంది. చర్చికి వెళ్ళలేదు. చలి.

జూన్ 13, సోమవారం

కరెంటు లేదు. ఫోనుకు కరెంటు అక్కర్లేదని ముబంగ చెప్పిన మాట గుర్తుంది. అయినా కరెంటు లేదు కదా అని వినలేదు.

జూన్ 15, బుధవారం

విన్నాను.

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎడమ చెవి ఎప్పుడో గనిలో డ్రిల్లు మింగేసింది, కుడిచెవే దిక్కు. మొదటి పాట. నా కర్రలు: టక్, టక్, టక్, టక్. ఆ వెంటనే నా డ్రమ్ములు. అంతే. ఎక్కడో గోడవతల ఎవరో గిటారు వాయిస్తున్నట్టు సన్నగా వినపడింది. పాట పూర్తిగా విన్నాను. రికార్డు మొదటి పక్క అంతా విన్నాను. కుర్రాడెవడో డ్రమ్ములు బాగానే కొడుతున్నాడు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

అనిపించాలి కదా అని మళ్ళీ మొదటినుంచి పెట్టాను. అనిపించలేదు.

రాయడానికి ఇంకేముంది. మేం నలుగురం. గనిలోకి మనుషుల్ని దింపే పంజరానికి గంట ఉండేది, ఆ గంట పేరే మా బ్యాండుకు పెట్టాం, కేజ్ బెల్స్. బెల్‌బాటం ప్యాంట్లు, జానెడు మడమల బూట్లు. మా గనిపేట వుసకిలె హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు వాయించేవాళ్ళం. పెద్దవాళ్ళు చర్చి నుంచి ఇళ్ళకూ, పిల్లలు చర్చి నుంచి మా దగ్గరికీ వచ్చేవారు. నైరోబీకి బస్సులో పోయి ఒక్క మధ్యాహ్నంలో రికార్డు చేసి వచ్చాం. మొదటి పాటలోనే దొర్లింది ఆ తప్పు. నేను నాలుగు దెబ్బలు కొట్టాక నలుగురం ఒక్కసారిగా అందుకోవాలి. కపాస గిటారు ముందొచ్చింది, నా డ్రమ్ము తర్వాతొచ్చింది. మధ్యన ఒక సందు. మళ్ళీ చేద్దామంటే టేపు లేదన్నారు. అలాగే అచ్చయింది.

ఊరికొచ్చి వాయిస్తే జనం ఆ సందు కోసం కాచుకుని కూర్చునేవారు. సరిగ్గా అక్కడ హాలంతా "ఎయ్!" అని అరిచేది. ఇక మేం దాన్ని సరిచేసే వీలే లేకుండా పోయింది.

నువ్వు ముందొచ్చావని నేను. నువ్వు లేటయ్యావని వాడు. గనిలో, సారా కొట్టులో, ముబంగ బారసాలలో, మిగతా ఇద్దరూ ఆ పాడు జబ్బు కాలంలో ఒకరి తర్వాత ఒకరు పోయినప్పుడు, అన్నిచోట్లా ఇదే గొడవ. ఎస్నాత్ "మీ ఇద్దరికీ వేరే పని లేదా" అనేది. వేరే పని ఉండేది. అయినా ఇదే చేసేవాళ్ళం.

జూన్ 16, గురువారం

"విన్నావా?" అన్నాడు నేను కూర్చోకముందే.

"విన్నాను. డ్రమ్ములు బాగున్నాయి. గిటారెవరో పక్కింట్లో వాయిస్తున్నాడు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. పెదాలు కదిలాయి. "గిటారు ఎడమ పక్కన ఉంది. నీ ఎడమ చెవి గనిలో పోగొట్టుకున్నావు కదరా, చవటా. ఇయర్‌ఫోన్లు అటూ ఇటూ మార్చి పెట్టుకో."

మంచానికి అవతల ముబంగ తల్లి నేలమీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. వాడు తినడు. ఆమె ఒలుస్తూనే ఉంది. "ఎలుకల బావకి ఆ మాత్రం తోచలేదా" అంది. తలెత్తకుండా, నవ్వకుండా. మంచిదో చెడ్డదో, మాట అలవాటుగా వచ్చింది. నా మాటలూ అలాగే వస్తున్నాయి కాబట్టి పోల్చుకోగలిగాను.

జూన్ 18, శనివారం

మార్చి పెట్టుకున్నాను.

ముందు ఏదో గరగర. తర్వాత ఊపిరి. వాడి ఊపిరి, ఇరవయ్యేళ్ళ ఊపిరి, అడ్డేమీ లేకుండా లోపలికి పోతోంది. ఆ తర్వాత దూరంగా నా కర్రలు. కర్రలతో పాటు దగ్గరగా ఇంకో చప్పుడు, చెక్క నేలమీద బూటు మడమ. నాలుగు దెబ్బలకీ నాలుగు అడుగులు. తేడా లేదు. అయిదోది పడాల్సిన చోట గిటారు. బొంగురుగా, మొరటుగా, సరిగ్గా పడాల్సిన చోట.

ఆ తర్వాత, గోడవతల, డ్రమ్ములు.

ఆపి మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను.

టేపు సాగిపోయి ఉంటుంది. పాత టేపులు ఎండకు సాగుతాయి. నైరోబీ నుంచి బస్సులో తెచ్చింది, ఇన్నేళ్ళు ఎవరింట్లో ఏ అటక మీద పడి ఉందో. తెల్లవాళ్ళు అదేదో యంత్రంలో పెట్టి ఇంకా పాడుచేసి ఉంటారు.

సంకటి మాడింది. అడుగు వాసన వచ్చేదాకా తెలియలేదు.

జూన్ 20, సోమవారం

దారంతా రెండు జవాబులూ చేత పట్టుకునే వెళ్ళాను. ఏది చెప్తానో ఆసుపత్రి మెట్ల దాకా నాకే తెలియదు.

వాడు సగమయ్యాడు. ఇప్పుడు గొట్టం కూడా పెద్దది పెట్టారు. నన్ను చూసి రెండు వేళ్ళెత్తాడు. ఎవరని అర్థం. నేనా, నువ్వా.

"నువ్వే ముందొచ్చావు" అన్నాను. "నీ పక్కనుంచి కూడా విన్నాను. అనుమానమే లేదు. కోతి తొందర."

వాడి మొహం వెలిగిపోయింది. దగ్గు తెరలోంచే, "అబద్ధాలకోరు" అన్నాడు. "చెవిటి... ఎలుక... అబద్ధాలకోరు. రేపు ఆ ఫోను తీసుకురా. ఇద్దరం కలిసి విందాం. తేల్చుకుందాం."

"తెస్తాను" అన్నాను.

నిజం చెప్పి ఉంటే వాడు గెలిచేవాడు. గెలిచి ఏం చేసుకుంటాడు? తేల్చుకోవాల్సింది ఒకటుంటే మనిషి రేపటికోసం చూస్తాడు. అందుకే అలా అన్నాను. లేదా ఒప్పుకోవడం ఇష్టం లేక అన్నాను. నాకే తెలియలేదు. ఏదైనా సరే, లోపల ఏమీ కదలలేదు.

జూన్ 21, మంగళవారం

ఫోను తీసుకెళ్ళాను. నిద్రలో ఉన్నాడు. లేపొద్దన్నారు.

జూన్ 22, బుధవారం

ఇవాళా అంతే.

జూన్ 23, గురువారం

కపాస పోయాడు. ముబంగ వచ్చి చెప్పింది. సరేనన్నాను. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

జూన్ 24, శుక్రవారం

చావింట్లో కూర్చున్నాను. లోపల కుర్చీలూ బల్లలూ తీసేసి ఆడవాళ్ళంతా నేలమీద. బయట మగవాళ్ళం బొగ్గుల కుంపటి చుట్టూ. మావాళ్ళు, ఎన్‌గోనీ కుర్రాళ్ళు, తమ పని తాము చేస్తున్నారు. ఒకడు కూర గిన్నె ఎత్తుకుపోయి, "శవం తినదు కదా" అని అమ్ముతున్నాడు. ఒకడు కపాస కోటు తొడుక్కుని వాడిలాగే భుజం వంచి నడుస్తూ అప్పడుగుతున్నాడు. బెంబాలు నవ్వుతున్నారు, తిడుతున్నారు, తరుముతున్నారు. సరిగ్గానే జరుగుతోంది.

నేను మాత్రం కుంపటి చూస్తూ కూర్చున్నాను.

కపాస మేనమామ, పండుముసలి, కర్రతో నా మోకాలు పొడిచాడు. "ఏం బావా, ఎలుకలు నాలుక కొరుక్కుపోయాయా? మా వాడికి నువ్వే గతి అని వాడు చెప్పి చచ్చాడు. మమ్మల్ని మోసం చేస్తావా?"

"రేపు" అన్నాను.

"రేపు నోరు తెరవకపోతే నిన్ను కూడా పక్కనే పూడుస్తాం. పెట్టె లేకుండా."

లోపలికి పోయి ముబంగ తల్లిని పలకరించాను. గోడకు ఆనుకుని కాళ్ళు చాచి కూర్చుంది. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, ఆమె ఏడవడం లేదు. కోటు వేసుకున్న కుర్రాడు గుమ్మంలోకొచ్చి నవ్వించాలని నానా తిప్పలు పడ్డా, ఆమె నవ్వడమూ లేదు. ఆమెకూ నాకూ ఒకే జబ్బు పట్టినట్టుంది. ఆమె నా వంక చూసింది. నేను నేల చూశాను.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి మూడు హాస్యాలు చెప్పి చూసుకున్నాను. కోతి, చెట్టు, నిచ్చెన. కోతి, పాస్టరు. మూడోది ఇప్పటికే మర్చిపోయాను. అద్దంలో ముసలాడు వాటికి నవ్వలేదు. వాడి తప్పేం లేదు.

జూన్ 25, శనివారం

పూడ్చి వచ్చాం.

జరిగింది రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

ఎర్రమట్టి, గాలి. గొయ్యి తవ్వేసి ఉంది. పెట్టె పక్కన పెట్టారు. పాస్టరు పుస్తకం తెరవబోతుంటే నేను వెళ్ళి గోతి అంచున కూర్చుని, మెల్లగా లోపలికి దిగాను. మోకాళ్ళు సహకరించలేదు, చివర జారిపడ్డాను. దానికే కొందరు నవ్వారు. వెల్లకిలా పడుకున్నాను. పైనుంచి మొహాలన్నీ వంగి చూస్తున్నాయి. మేనమామ, "అదీ! ఎలుక కలుగులోకి దూరింది!" అని అరిచాడు.

"నేను లేవను" అన్నాను. "ఈ చోటు నాది." అంతవరకూ అందరూ చెప్పేదే. తర్వాత కోతీ నిచ్చెనా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. గోతిలోంచి చెప్తే వినపడలేదేమో. ముబంగ తల్లి మొహం అంచున కనపడుతోంది, గోడలాగే ఉంది. పాస్టరు దగ్గాడు.

అప్పుడు నాకు తెలియకుండానే నా చేతులు పెట్టె దిగాల్సిన మట్టిమీద దరువేశాయి. నాలుగు వెయ్యబోయాయి. రెండు దగ్గర ఆగాయి.

"ఒరేయ్ కపాసా!" అని అరిచాను. "మళ్ళీ ముందే మొదలెట్టావా? నేను నాలుగు కొట్టాక కదా నువ్వు రావాల్సింది! ఇంకా రెండు దగ్గరే ఉన్నాను కదరా! కోతి తొందర నీది, చావులో కూడా ఆగలేవా?"

వుసకిలె ముసలాళ్ళు చాలామంది వచ్చారు, అందరికీ తెలుసు ఆ గొడవ. గట్టిగా నవ్వారు. నవ్వి ఆగారు.

నేనూ ఆగాను. ఆ మాటకు వెంటనే జవాబు వస్తుంది. నలభై ఏళ్ళుగా వస్తోంది. గుక్క తిప్పుకునే లోపే వస్తుంది. అలవాటుగా చెవి కూడా అటు తిప్పాను, కుడిచెవి.

రాలేదు.

పైన ఎవరూ కదలడం లేదు. అది మా పాటలో సందులాంటిదే, కాకపోతే ఎంతకీ అవడం లేదు. మట్టి చల్లగా ఉంది. ఇక రాదని నాకప్పుడు తెలిసింది. గురువారం ముబంగ చెప్పినప్పుడు కాదు, అప్పుడు తెలిసింది.

"ఆయన టైముకే వచ్చాడు!"

ముబంగ తల్లి. గోతి అంచున మోకాళ్ళమీద కూలబడి, నా మీదికి వేలు చూపిస్తోంది. "ఆయన ఎప్పుడూ టైముకే వచ్చాడు! నువ్వే లేటు, ఎలుకల తిండిపోతా! పెళ్ళికి లేటు, పాటకి లేటు, ఆసుపత్రికి లేటు! నలభై ఏళ్ళు నా మొగుణ్ణి సతాయించావు కదరా, చెవిటి ఎలుకా!" అంటూ నవ్వుతోంది. నోరంతా తెరిచి నవ్వుతోంది, కళ్ళలోంచి ధారలు కారిపోతున్నాయి. ఆ చుట్టుపక్కలున్న ఆడవాళ్ళందరికీ నవ్వు అంటుకుంది.

వాడు అడిగింది అయిపోయింది. నేను లేచి పైకి రావచ్చు. ఈ వరసలో చెయ్యాల్సింది ఎదురు తిట్టడం. మావాళ్ళెవరూ ఓడిపోయి రారు.

"ఔను మరదలా" అన్నాను. "నేనే లేటు. వాడి పక్కనుంచి విన్నాను. వాడు సరిగ్గానే వచ్చాడు. నేనే."

ఇంకేదో అనబోయాను. ఏడు నెలల ఏడుపు ఒక్కసారే వచ్చింది. ఎస్నాత్‌దీ, వీడిదీ, కలిసిపోయి వచ్చింది. వెల్లకిలా పడుకుని ఏడిస్తే నీళ్ళు చెవుల్లోకి పోతాయని ఇవాళే తెలిసింది. రెండు చెవుల్లోకీ పోయాయి.

మావాళ్ళు ఇద్దరు దిగి చంకల కింద చేతులేసి లేపారు. మేనమామ అందరికీ వినపడేలా, "ఏడ్చే బావమరిదిని ఎక్కడైనా చూశారా? వరస తప్పాడు! కోడి ఇచ్చుకోవాలి!" అన్నాడు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఇస్తానన్నాను. పుంజే కావాలన్నాడు.

తర్వాత పెట్టె దించారు. నేను పడుకున్న చోటే.

జూన్ 26, ఆదివారం

పొద్దున్నే పుంజును ఇచ్చి వచ్చాను. బక్కదని తిట్టారు. ముబంగ తల్లి నాకు అదే పుంజు కూరతో సంకటి పెట్టింది. ఉప్పెక్కువైంది. ఆ మాట అంటే, "ఎలుకలకి ఉప్పు పడదులే" అంది.

ఫోను తిరిగిచ్చేస్తానన్నాను. ముబంగ ఉంచుకోమంది.

మధ్యాహ్నం కరెంటు ఉంది. ఇయర్‌ఫోన్లు మార్చి పెట్టుకుని మొదటి పాట విన్నాను. ఊపిరి. నాలుగు అడుగులు. ఆ తర్వాత వాడు. ఆ సందులో, వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి, "ఎయ్!" అన్నాను.

తర్వాత నేను వచ్చాను.